గాజు తొట్టికి నులిపురుగుల మందు

విశాఖలో బట్టల కొట్టు గల్లాపెట్టె పక్కనో, పళ్ళ డాక్టరు గారి వెయిటింగ్ హాల్లోనో, ఉక్కునగరం క్వార్టర్ వరండాలోనో నుదుటి మీద బుడిపెతో ఓ ఎర్రని చేప తారసపడుతూనే ఉంటుంది. దాని పేరు ఫ్లవర్‌హార్న్. 1990లలో మలేషియా పెంపకందారులు సంకరం చేసి పుట్టించిన చేప ఇది. బుడిపె పెరిగేకొద్దీ ఇంటికి కలిసొస్తుందని వాస్తు పేరు చెప్పి అమ్ముతారు. అలాంటి చేప ఒకరోజు మేతను నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తుంది. మర్నాటికి దాని వెనక తెల్లని దారం ఒకటి వేలాడుతుంది. యజమాని ఫోటో తీసి అక్వేరియం షాపుకి పంపితే జవాబు క్షణంలో వస్తుంది: "మెట్రో వెయ్యండి సార్, తగ్గిపోద్ది."

మెట్రో అంటే మెట్రోనిడజోల్, మనకి అమీబా విరేచనాలు పట్టుకుంటే డాక్టర్లు రాసే చేదు మాత్ర. ఆ సలహా తప్పని అనలేం. చాలాసార్లు చేప బతుకుతుంది కూడా. కానీ చేప ఏం విసర్జించిందో చూడకుండా, తొట్టిలో నీళ్ళెన్నో లెక్కకట్టకుండా వేసే మాత్ర లాటరీ టికెట్టుతో సమానం. అక్వేరియం వాళ్ళ నోటి మాటగా సాగుతున్న ఈ వైద్యంలో అసలు పనితనమంతా మాత్ర వేయడానికి ముందే ఉంది.

ముందు ఆ దారం సంగతి చూద్దాం. ఆరోగ్యంగా తినే చేప మలం తిన్న మేత రంగులో ఉంటుంది, కాసేపట్లో తెగి కిందపడుతుంది. పేగు లోపలి పొర రేగినప్పుడు జిగురు ఎక్కువగా ఊరి, అదే తెల్లగా సాగి వేలాడుతుంది. అలా రేపేవాటిలో ముఖ్యమైనది కంటికి కనిపించని ఏకకణ జీవి. పాత పుస్తకాల్లో దీన్ని హెక్సామిటా అన్నారు. ఏంజెల్ చేపల్లో దొరికిన రకానికి 1995లో స్పైరోన్యూక్లియస్ వోర్టెన్స్ అని పేరు పెట్టారు. డిస్కస్, ఏంజెల్, ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ అన్నీ ఒకే కుటుంబం చేపలు, అన్నిటికీ ఈ బెడద ఉంది. డిస్కస్ అయితే ఒళ్ళు నల్లబడి మూలకి చేరుతుంది. ఆస్కార్ తల మీద గుంటలు పడటానికీ ఈ జీవినే తప్పుపడతారు గానీ, అక్కడ మేతలో పోషకాల లోపం, పాడైన నీరు కూడా ముద్దాయిలే.

ఇక్కడే ఒక మెలిక ఉంది. నాలుగు రోజులు తినని చేప కూడా తెల్లదారమే విడుస్తుంది. ఖాళీ పేగులోంచి జిగురు తప్ప ఇంకేం వస్తుంది? కొత్త తొట్టిలో బెదిరిపోయి మేత మానేసిన చేపకి మెట్రో పోస్తే మిగిలేది చేదు నీళ్ళే. తేడా తెలియాలంటే మైక్రోస్కోపు కావాలి. అప్పుడే రాలిన మలం ఆవగింజలో సగమంత తీసి, తొట్టి నీటిబొట్టులో కలిపి, స్లైడు మీద కవర్‌స్లిప్ కప్పి, 400 రెట్లు పెద్దదిగా చూడాలి. అదీ నిమిషాల్లో జరగాలి, ఆరిపోయిన మలంలో చచ్చిన జీవిని గుర్తుపట్టడం అయ్యే పని కాదు. జబ్బు నిజమైతే బేరిపండు ఆకారంలో సన్నటి జీవులు బొట్టంతా అడ్డదిడ్డంగా దూసుకుపోతుంటాయి. ఒక్కోదానికి ఎనిమిది కొరడాలు, ముందు ఆరు, వెనక రెండు. ఒకసారి చూసినవాళ్ళు ఆ పరుగుని మరిచిపోరు.

ఈ చూపు విశాఖకి కొత్త కాదు. 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకి వచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర విభాగం వారు చేపల పరాన్నజీవుల మీద దశాబ్దాలు పనిచేశారు. 1979లో నరసింహమూర్తి, కళావతి కత్తిపరిగె చేప మెదడులోంచి కుడోవా టెట్రాస్పోరా అనే కొత్త జీవిని వర్ణించారు. ఆ తెగ జీవులకి నమ్మదగిన మందు ఇప్పటికీ లేదు. పేరు తెలియడం వల్ల లాభం ఇదే: ఏ జబ్బుకి మాత్ర దండగో ముందే తెలుస్తుంది. తిన్నా చిక్కిపోయే చేపల్లో కొన్నిటికి ఉండేది పురుగులు కాదు, చేపల క్షయ. దాని క్రిమి మైకోబాక్టీరియం మారినం, తొట్టిలో చెయ్యి పెట్టినవాళ్ళకి చర్మం గాట్లలోంచి అంటుకుంటుంది కూడా. వేలికి గాయముంటే తొడుగు లేకుండా నీళ్ళు మార్చొద్దని పాతకాపులు చెప్పేది అందుకే.

కంటికే కనిపించే శత్రువు ఇంకొకటి ఉంది. గప్పీ చేప కదలకుండా నిలబడినప్పుడు మలద్వారంలోంచి ఎర్రదారపు పోగుల్లాంటివి రెండు మూడు బయటికొచ్చి, చేప కదలగానే లోపలికి జారుకుంటాయి. ఇది కామల్లానస్ అనే గుండ్రపురుగు. పేగు గోడని కొరికిపట్టి రక్తం తాగుతుంది. గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్ని వదులుతుంది. కొర్రమీను కోసేటప్పుడు పేగులో పురుగులు చూసిన ఇల్లాలికి ఇదేం వింత కాదు గానీ, రంగురంగుల గప్పీలో చూస్తే మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది. దీని మీద మెట్రో ఏం పనిచేయదు. ఏకకణ జీవుల మందు వేరు, గుండ్రపురుగుల మందు వేరు, బద్దెపురుగుల మందు వేరు. గుండ్రపురుగుకి లెవామిసోల్ లేదా ఫెన్‌బెండజోల్, బద్దెపురుగుకి ప్రాజిక్వాంటెల్. ఫెన్‌బెండజోల్ వేసేటప్పుడు తొట్టిలో నత్తలుంటే వాటి మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇక కొలత. ఘనపుటడుగు నీళ్ళంటే 28 లీటర్లు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి నిండితే 56 లీటర్లు. పైన రెండంగుళాలు వెలితి తీసేసి, కింద గులకరాళ్ళు పట్టిన చోటు తీసేస్తే నికరంగా మిగిలేది 45 లీటర్లు. లెవామిసోల్ లీటరుకి 2 మిల్లీగ్రాములు, అంటే 90 మిల్లీగ్రాములు కావాలి. ఉన్నది 150 మిల్లీగ్రాముల మాత్ర. కత్తితో ముక్క చేస్తే సమంగా తెగదు. చేయి తిరిగినవాళ్ళు మాత్రని కల్వంలో మెత్తగా నూరి, సరిగ్గా 150 మిల్లీలీటర్ల నీళ్ళలో కలుపుతారు. ఇప్పుడు మిల్లీలీటరుకి ఒక మిల్లీగ్రాము. సిరంజితో 90 మిల్లీలీటర్లు తీసి తొట్టి అంతటా పోస్తే లెక్క సరి. ఈ మందుకి వెలుతురు గిట్టదు, అందుకని లైటు ఆర్పి, దుప్పటి కప్పి, 24 గంటలు వదిలేస్తారు. గాలి మోటారు ఆగకూడదు. ఫిల్టర్‌లో బొగ్గు ఉంటే ముందే తీసెయ్యాలి, లేకపోతే మందు మొత్తం అదే తాగేస్తుంది.

మర్నాడు చేసే పనిని చాలామంది వదిలేస్తారు. లెవామిసోల్ పురుగుని చంపడం కంటే దాని కండరాల్ని పట్టేసేలా చేస్తుంది. పట్టు జారిన పురుగులు అడుగున పడతాయి. వాటిని, వాటిలోని పిల్లల్ని మిగతా చేపలు ఏరుకు తినకముందే గొట్టం పెట్టి అడుగంతా పీల్చి, సగం నీళ్ళు మార్చాలి. పిల్ల పురుగుల మీద మందు అంతగా పారదు కాబట్టి రెండు మూడు వారాలకి మళ్ళీ ఇదే తతంగం. ఒక్క మోతాదుతో సరిపెట్టుకున్నవాళ్ళు నెల తిరిగేసరికి "మందు నకిలీ" అని షాపు మీద పడతారు.

మెట్రోనిడజోల్ నీళ్ళలో వేసే లెక్క లీటరుకి ఆరేడు మిల్లీగ్రాములు, రోజు విడిచి రోజు మూడుసార్లు. పై తొట్టికి 400 మిల్లీగ్రాముల మాత్రలో ముప్పాతిక వంతు. అయితే జబ్బు పేగులో ఉంది కనుక, చేప ఇంకా తింటుంటే మేతలో పెట్టడమే మేలు: 10 గ్రాముల మేతకి 100 మిల్లీగ్రాములు, వరసగా ఐదు రోజులు. గుళికల మేతని పొడిచేసి, మందు పొడి కలిపి, గోరువెచ్చటి జెలటిన్‌తో ముద్ద చేసి, పల్చగా పరిచి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, చేప నోటికి సరిపడా తరుగుతారు. చేదు తెలియకుండా వెల్లుల్లి రసం రెండు చుక్కలు వేస్తారు. వెల్లుల్లికి ఇక్కడ దక్కాల్సిన గౌరవం అంతే. ఆ వాసనకి చేప మేత మీదికొస్తుంది. వెల్లుల్లి ఒక్కటే పురుగుల్ని దించేస్తుందన్న నమ్మకానికి మాత్రం ఆధారం తక్కువ. కళ్ళుప్పు పై జబ్బులకి మంచిదే, పేగు దాకా దాని ప్రతాపం పోదు. వేపాకు, పసుపు వేసి తొట్టిని చారులా కాచేవాళ్ళకి చెప్పేదేం లేదు.

చేపల కోసమని కనిపెట్టిన మందు వీటిలో ఒక్కటీ లేదు. మెట్రోనిడజోల్ మనుషుల కోసం వచ్చింది, లెవామిసోల్, ఫెన్‌బెండజోల్ గొడ్డూగోదా కోసం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ సంస్థ 1947లో బోదకాలు పురుగుకి డైఇథైల్ కార్బమజిన్ తెచ్చింది. ఆ మందు చేపల దాకా రాలేదు గానీ, పురుగు ఒంట్లోనే ఉండగా మనిషికి హాని లేకుండా దాన్ని దెబ్బతీయడమనే ఆలోచన అదే. అక్వేరియం వాళ్ళు ఆ ఆలోచనని గాజు తొట్టిలోకి దించుకున్నారు.

పురుగు వచ్చే దారులు తెలిస్తే సగం మందుల అవసరం ఉండదు. మురుగు కాలవల్లో పెరిగే ట్యూబిఫెక్స్ ఎర్రపురుగుల్ని బతికున్నవి మేపడం ఒక దారి. రెండోది కొత్త చేప. కొళత్తూరు నుంచో కోల్‌కతా నుంచో ప్లాస్టిక్ సంచిలో ప్రయాణం చేసొచ్చిన చేపని నేరుగా పెద్ద తొట్టిలో వదలకుండా మూడు నాలుగు వారాలు వేరే ఉంచితే చాలు. దానికి ఖరీదైన సామాను అక్కర్లేదు, ఒక ప్లాస్టిక్ టబ్బు, స్పాంజి ఫిల్టరు చాలు. అడుగున రాళ్ళు వేయకపోతే మలం శుభ్రంగా కనిపిస్తుంది కూడా. విశాఖ ఎండాకాలంలో నీళ్ళు వాటంతటవే 30 డిగ్రీలకి చేరతాయి, హీటరు ఖర్చూ లేదు. వేడి నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది కనుక గాలి మాత్రం ఆపకూడదు.

ఈ ఊళ్ళో ఇంకో జాగ్రత్త తప్పదు. విశాఖ రేవు నుంచి గడ్డకట్టించిన రొయ్యలు దేశదేశాలకి పోతాయి. తిండికి పెంచే రొయ్యకీ చేపకీ మెట్రోనిడజోల్ జాతి మందులు పూర్తిగా నిషేధం. ఆనవాలు దొరికితే సరుకు వెనక్కొస్తుంది. అలంకార చేపకి అదే మందు ప్రాణదాత. కాబట్టి మందు పడిన నీళ్ళు గెడ్డలోనో చెరువులోనో పారబోయకూడదు, మిగిలిన మాత్రలు పెరటి చెరువులో చేపలు పెంచే బంధువుకి ఇవ్వకూడదు. మెట్రోనిడజోల్ చీటీ మీద అమ్మాల్సిన మందు. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, నెల్లూరు దగ్గర ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. అక్కడ చదివి వచ్చినవాళ్ళెవరైనా ఊళ్ళో దొరికితే అడగడానికి మొహమాటపడక్కర్లేదు. వెళ్ళేటప్పుడు చేప ఫోటో కంటే, ఆ పొద్దున రాలిన మలం కాస్త తొట్టి నీళ్ళతో చిన్న సీసాలో పట్టుకెళ్తే వాళ్ళ పనీ తేలిక, చేపకీ మేలు.