సప్పుడు ఎప్పుడొస్తది సార్?

జగిత్యాల నుంచి మస్కట్ వచ్చి, వాదీ కబీర్ గ్యారేజీల్లో పని నేర్చుకున్న మెకానిక్ ఆయన. ఖురంలో ఉండే ఒక తెలుగు కుటుంబం ఎలక్ట్రిక్ కారులో ఏదో మోత వస్తోందంటే చూడటానికి వచ్చాడు. వెనక సీట్లో కూర్చుని ఆ పనంతా దగ్గర నుంచి చూశాను. ఆయన బానెట్ ఎత్తలేదు, స్పానర్ పట్టలేదు. "సప్పుడు ఎప్పుడొస్తది సార్?" అని అడిగాడు. "కుడి పక్క నుంచండీ, మోటారు పోయినట్టుంది" అన్నారు యజమాని. "ఏడికెల్లి వస్తుందో నేను జూస్త. ఎప్పుడొస్తదో మీరు చెప్పుండ్రి."

చప్పుడు ఎక్కడిదో చెప్పడంలో చెవి మోసపోతుంది. చక్రం దగ్గర పుట్టిన కంపం ఇనుము వెంట పాకి డాష్‌బోర్డు కింద మోగుతుంది. ఎప్పుడొస్తుందన్నది మాత్రం గట్టి సాక్ష్యం. వేగంతో పెరుగుతోందా, యాక్సిలరేటరు తొక్కితేనా, మలుపులోనా, చార్జింగులోనా? ఒక్కో జవాబుతో కారులో ఇంత భాగం అనుమానం నుంచి బయటపడుతుంది. పైగా పెట్రోలు కారులో ఇంజను రొద ఎన్నో చిన్న మోతలను మింగేసేది. ఇక్కడ ఆ రొద లేదు కాబట్టి టైరు గాడిలో ఇరుక్కున్న గులకరాయి కూడా వినబడుతుంది.

అందుకే రోగం కానిదాన్ని కాదని ధైర్యంగా చెప్పగలగడం ఈ పనిలో సగం. మస్కట్ ఎండల్లో ఫాస్ట్ చార్జర్ తగిలిస్తే చాలా కార్లలో ఫ్యాను హోరెత్తుతుంది, ఏసీ కంప్రెసరు మోగుతుంది; లోపల మనుషులు లేకపోయినా బ్యాటరీని చల్లబరచాలి కదా. స్టార్ట్ చేయగానే టక్కుమనేది కాంటాక్టరు అనే హై వోల్టేజీ స్విచ్చు. నెమ్మదిగా పోతున్నప్పుడు వచ్చే సన్నని రాగం పాదచారుల కోసం కావాలని పెట్టింది. ఐరోపాలో 2021 జులై నుంచి కొత్త ఎలక్ట్రిక్ కార్లన్నిటికీ గంటకు 20 కిలోమీటర్ల లోపు అది తప్పనిసరి. పొద్దున్నే మొదటి బ్రేకులకు గరగరమంటే సముద్రపు గాలికి డిస్కుల మీద పట్టిన తుప్పు అనుకోవాలి. వేగం తగ్గించే పని చాలావరకు మోటారే జనరేటరుగా మారి చేసేస్తుంది, ప్యాడ్లు డిస్కును రుద్దేది తక్కువ. ఖాళీ రోడ్డు చూసుకుని, న్యూట్రల్‌లో పెట్టి నాలుగుసార్లు బ్రేకు వేస్తే ఆ తుప్పు రాలుతుంది.

ఈ కారు మోత వేరు. 60 దాటగానే గుర్రుమని లోతుగా మొదలవుతోంది. యజమాని భయానికీ కారణం ఉంది. ఇన్వర్టరు సెకనుకు వేలసార్లు కరెంటును ఆపి వదులుతుంటే మోటారు షాఫ్టులో వోల్టేజీ పేరుకుంటుంది. అది బేరింగులోని పలుచని గ్రీజు పొరను చీల్చుకుని దూకిన ప్రతిసారీ ఉక్కు మీద కంటికి కనబడని గుంట పడుతుంది. అలా పడీ పడీ చివరికి రింగు మీద గవ్వలు వత్తే చెక్క మీదున్నట్టు వరుసగా గాళ్లు తేలతాయి, మోటారు మూలగడం మొదలవుతుంది. దీన్ని అడ్డుకోవడానికే కొన్ని మోటార్లలో సిరామిక్ గుళ్ల బేరింగులు, షాఫ్టుకు ఎర్తింగ్ బ్రష్షులు పెడతారు. అనుమానం వచ్చింది కదా అని మోటారు విప్పడం చిన్న సంగతి కాదు. నారింజ రంగు కేబుళ్లలో చాలా కార్లకు సుమారు 400 వోల్టులు ఉంటాయి. సర్వీస్ ప్లగ్ తీసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగి, సున్నా అని మీటరుతో చూసుకున్నాకే, అదీ తొడుగులతో, చెయ్యి పెట్టాలి.

80లో యాక్సిలరేటరు వదిలించాడు, మోత మారలేదు. న్యూట్రల్ చేయించాడు, అప్పుడూ అంతే. గేరు పళ్ల మీది లోడు, మోటారులోని అయస్కాంత బలం దీనికి కారణం కావని తేలింది. కానీ చాలా ఎలక్ట్రిక్ కార్లలో న్యూట్రల్ పెట్టినా మోటారు చక్రాలతో పాటే తిరుగుతుంది, కాబట్టి మోటారు బేరింగు ఇంకా నిర్దోషి కాదు. ఇది తెలియక తొందరపడేవాళ్లున్నారు. ఆయన తొందరపడలేదు, కారును రౌండబౌట్‌కు తీసుకెళ్లమన్నాడు. ఒమాన్‌లో బండ్లు కుడివైపున నడుస్తాయి, రౌండబౌట్‌లో తిరిగేది ఎడమకు. బరువు కుడి చక్రాల మీద పడగానే మోత పెరిగింది. బయటికొస్తూ స్టీరింగు కుడికి తిప్పగానే తగ్గింది. మోటారు బేరింగుకు అటు తిరిగినా ఇటు తిరిగినా ఒకటే. అనుమానం కుడి చక్రాల మీదికి వచ్చింది.

అప్పుడు గానీ కారు లిఫ్టు ఎక్కలేదు. ముందు కుడి టైరును వెనకదానితో మార్చి మళ్లీ నడిపి చూశాడు. మోత టైరుతో పాటు వెనక్కి పోలేదు. తర్వాత కాయిల్ స్ప్రింగు మీద అరచెయ్యి ఆనించి, రెండో చేత్తో చక్రాన్ని మెల్లగా తిప్పాడు. నన్నూ ముట్టుకోమన్నాడు. చెవికి ఏమీ అందని ఆ వేగంలో ఇసుక నలిగినట్టు గరుకు వేళ్లకు తగిలింది. ఎడమ పక్క స్ప్రింగులో ఆ గరుకు లేదు.

ఆ చక్రం బేరింగు విప్పితే గ్రీజు పాలరంగుకు తిరిగి ఉంది. నీళ్లు చేరిన గుర్తు. 2024 ఏప్రిల్ వానలకు ఆ కారు నీళ్లలోంచి నడిచిందట.

బిగించడంలోనూ అదే నిదానం. కొత్త బేరింగును చక్రాన్ని మోసే నకిల్‌లోకి దింపేటప్పుడు ప్రెస్ ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద పడితే గుళ్లు ఉక్కులోకి దిగి, కొత్తదీ మోగుతుంది. ఏబీఎస్ సెన్సారు చదివే అయస్కాంత రింగు ఏ ముఖాన ఉందో రెండుసార్లు చూశాడు, ఇనుప రజను దాని దరికి రానివ్వలేదు. యాక్సిల్ నట్టును గన్నుతో కాకుండా టార్క్ రెంచితో బిగించాడు. అది బిగిసేదాకా చక్రాన్ని నేలకు ఆననివ్వలేదు.

మోత పోయింది. పోగానే యజమానికి ఇంకో సన్నని కూత వినబడింది. ఇన్నాళ్లూ దాన్ని ఆ గుర్రు కప్పేసింది. మెకానిక్ ఫోనులో స్పెక్ట్రమ్ ఆప్ తెరిచి లెక్క వేశాడు. ఉదాహరణకు నిస్సాన్ లీఫ్ చక్రం 60 వేగంలో సెకనుకు సుమారు 8.4 చుట్లు తిరుగుతుంది. గేరు నిష్పత్తి దాదాపు 7.9 కాబట్టి మోటారు 67 దాకా తిరుగుతుంది. స్టేటరులో 48 గాళ్లు, అంటే కూత 3200 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండాలి. ఈ కారు అంకెలతో వేసిన లెక్క కూతతో సరిపోయింది. గీత నిటారుగా, ఒంటరిగా నిలబడి ఉంది. "ఇది మోటార్ తీరే సార్. దీని పక్కకు చిన్న గీతలు మొలిస్తె అప్పుడు పిలువుండ్రి" అని, పోల్చి చూసుకోవడానికి ఆ బొమ్మను యజమాని ఫోనుకు పంపాడు.