విప్పని ముడి

మా తాతగారింట్లో ఒక తాళపత్రాల కట్ట ఉండేది. ఎర్రగుడ్డ చుట్టి దేవుడి గూట్లో పెట్టేవారు. ఏటా దసరాకి దించి, బొట్టు పెట్టి, కళ్లకద్దుకుని మళ్లీ గూట్లో పెట్టేవాళ్లం. అందులో ఏముందో ఎవరికీ తెలియదు. చదవని పుస్తకానికి పూజెందుకని అప్పట్లో విసుక్కునేవాణ్ణి. మంగోలుల గ్రంథాల సంగతి తెలిశాక ఆ విసుగు పోయింది.

పవిత్ర గ్రంథాన్ని వాళ్లు ‘సుదర్’ అంటారు. మన ‘సూత్రం’ మాటే అది. తాటిచెట్టు మొలవని చలినేలలోనూ కాగితాన్ని తాటాకులా పొడుగ్గా కోసి, విడి ఆకులుగా పేర్చి, పైనా కిందా చెక్కలుంచి గుడ్డ చుడతారు. నేల మీద పెట్టరు, దాటరు. బౌద్ధ సన్యాసి అయిన లామా ఆ కట్టను తలకు ఆనిస్తే అదే ఆశీస్సు.

మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లోని జాతీయ గ్రంథాలయంలో, బుద్ధుడి మాటలుగా కొలిచే కంజూరు ప్రతి ఒకటుంది. బంగారం, వెండి, పగడం, ముత్యం, రాగి, ఉక్కు వంటి తొమ్మిదింటిని నూరి, నిగనిగలాడే నల్లకాగితం మీద రాశారు. ఆ తొమ్మిదింటినీ వాళ్లు ‘ఎర్దెనె’ అంటారు. ఆ మాటకు మూలం మన ‘రత్నం’.

1930ల చివర అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వం వందల మఠాలను కూల్చింది, వేలమంది లామాలను చంపింది. గ్రంథాలు మంటల్లో పడ్డాయి. 1940లలో పైనుంచి కిందికి రాసే సొంత లిపి పోయి సిరిలిక్ వచ్చింది. అయినా పశువుల కాపరులు సుదర్‌లను కొండగుహల్లో, పెట్టెల అడుగున దాచారు. పాత లిపి రాని పిల్లలకు అందులోని అక్షరం తెలియకపోయినా, ఆ కట్ట తమదని తెలుసు. మంగోలుతనం ఆ గుడ్డముడిలో బతికింది.

మనదేశం నుంచి పండితుడు రఘువీర 1950లలో వెళ్లి మంగోల్ భాషలోని కంజూరు మైక్రోఫిల్మ్ తెచ్చారు. ఆయన కుమారుడు లోకేశ్‌చంద్ర 1970లలో దాన్ని ఢిల్లీలో 108 సంపుటాలుగా అచ్చువేయించారు. జాతీయ పాండులిపుల మిషన్ 2020లో మళ్లీ ముద్రణ మొదలుపెట్టింది, మంగోలియా మఠాలకు ఇవ్వడానికి. 2025 జనవరి నుంచి అక్కడి ప్రభుత్వ పత్రాల్లో సిరిలిక్ పక్కన నిలువు లిపి కూడా వచ్చింది.

చదవలేనివాళ్లు భద్రంగా దాచారు కాబట్టే చదివేవాళ్లకు అందింది. మా తాతగారు చేసిందీ అదే. ఇక నా వంతు మిగిలింది. ఈ దసరాకి బొట్టు పెట్టాక, పాత లిపి తెలిసిన పెద్దాయన దగ్గరకు కట్టను తీసుకెళ్లి ముడి విప్పిస్తాను.