కొలిమి ఆరాక ఇనుము ఎటు పోయింది?

2002లో ‘కుబుసం’ చిత్రంలో వినిపించిన గోరటి వెంకన్న పాట ‘పల్లె కన్నీరు పెడుతుందో’ కమ్మరి కొలిమి మూలపడిన సంగతి చెప్పింది. వృత్తుల పతనాన్ని దాని కారణాలతో ముడిపెట్టడం ఆ పాట బలం. తర్వాత నేను చదివిన కథలు చాలావరకు ఆ దుఃఖం దగ్గరే ఆగిపోయాయన్నది నా అభ్యంతరం.

కొలిమి ఆరినా ఇనుము ఆగలేదు. నల్లగొండలో బోరెండిన రైతు కాలిన మోటారును, పాలమూరులో ఎడ్లమ్ముకున్నవాడు అరిగిన కర్రును, బండిచక్రం పట్టాను పాతినుప సామాన్లవాడి కాంటా మీద పెడతాడు. కర్రును కాల్చి సాగదీసిన కమ్మరి శ్రమకు అక్కడ లెక్కలేదు, బరువుకే ధర. మోటారైతే రాగితీగ వేరు, ఇనుము వేరు. వచ్చింది కిరాణం బాకీకో, బస్సు చార్జీకో. ఆ తుక్కు కొత్తూరు (2016 దాకా పాలమూరు జిల్లాయే) వంటిచోట ఫర్నేసుల్లో కరిగి సలాకవుతుంది. హైదరాబాదులో అలాంటి సలాకలు వంచేవాళ్లలో వలసపోయిన పాలమూరు కూలీలున్నారు.

తుక్కు ఏరేవాణ్ణి జాలికి మాత్రమే పాత్రుణ్ణి చేసే రచయితకు ఈ చలనం కనబడదు. (గోనెసంచి వర్ణనే వాస్తవికత కాదు గదా!) ఉల్లిగడ్డలిచ్చి ఇనుము తీసుకునేవాడు కూడా చాలాసార్లు అప్పు మీద తిరిగేవాడే. అతణ్ణి దళారి అని తిట్టి కథ ముగిస్తే, ధర కట్టేదెవరో పాఠకుడికి తెలియకుండానే పోతుంది.