కటకము పలుచనైనది, కన్ను అలయుచున్నది

తలకు తొడిగికొని కల్పితలోకమును చూచు పరికరములు నేడు విరివిగా వచ్చినవి. బరువు తగ్గినదనియు, బొమ్మ తేటపడినదనియు వాని తయారీదారులు చెప్పుదురు. ఆ మాట నిజమే. అయినను అందలి కటకములను పరీక్షించినచో ఒక పెద్ద లోపము అట్లే నిలిచియుండుట కనబడును.

పరికరములోని చిన్న తెర కంటికి ఐదారు సెంటీమీటర్ల దూరముననే ఉండును. అంత దగ్గరి వస్తువును కన్ను స్పష్టముగ చూడజాలదు. అందుచే నడుమ కుంభాకార కటకము నుంతురు. దాని నాభ్యంతరము 40 మి.మీ., తెర దూరము 39 మి.మీ. అనుకొందము. అప్పుడు మిథ్యాప్రతిబింబము 1560 మి.మీ. దూరమున ఏర్పడును. ఇది భూతద్దపు పాఠమే. విద్యార్థులు కటక సూత్రముతో సరిచూచుకొనవచ్చును.

ఇట్టి కటకము దళసరిగా, బరువుగా ఉండును. 1820 ప్రాంతమున ఫ్రెనెల్ దీపస్తంభముల కొరకు కటకమును మెట్లు మెట్లుగ వలయములు చేసి పలుచన చేసెను. 2016లో వచ్చిన ఆక్యులస్ రిఫ్ట్, హెచ్.టి.సి. వైవ్ పరికరములు ఈ ఉపాయమునే గ్రహించినవి. కాని మెట్ల అంచులవద్ద కాంతి చెదరి, నల్లని తెరపై తెల్లని అక్షరముల చుట్టును చారలు కనబడును. దూరమునకు వెలుగు పంపుటయే పనియైన దీపస్తంభమునకు ఇది దోషము కాదు. బొమ్మ కావలసిన కంటికి దోషమే.

2023 నాటి మెటా క్వెస్ట్ 3లో వేరొక మార్గము కలదు. అర్ధ దర్పణమునకును, ధ్రువణమునుబట్టి కాంతిని మరలించు పొరకును నడుమ కిరణములను మడచి పంపుదురు. పరికరపు మందము తగ్గును, చారలు పోవును. అయితే కాంతి అర్ధ దర్పణమును రెండుమార్లు ఎదుర్కొనును. ప్రతిమారును సగము పోవును. కంటికి చేరునది హెచ్చుగా నాలుగవ వంతే. ఆ నష్టమును పూరించుటకు తెరను మరింత ప్రకాశింపజేయవలెను. అందుచే విద్యుత్తు వ్యయము పెరుగును.

ఇన్ని మార్పులు జరిగినను ప్రతిబింబ దూరము మాత్రము మారలేదు. ఒక పెన్సిలును 25 సెం.మీ. దూరమున పట్టి చూడుడు. రెండు కన్నులును లోపలికి తిరిగి, వాని చూపుల నడుమ సుమారు 14 డిగ్రీల కోణము ఏర్పడును. అదే సమయమున కంటిలోని కటకము ఆ దూరమునకే సర్దుకొనును. పరికరములో కల్పించిన పెన్సిలును చూచునపుడు కన్నులు 25 సెం.మీ.కు తిరుగును, కంటి కటకము మాత్రము ఒకటిన్నర మీటరుకు సర్దుకొనవలెను. పుట్టినది మొదలు జంటగా నడచిన రెండు పనులు విడిపోవును. ఈ విరోధమువలన కన్ను అలయునని హాఫ్‌మన్, బ్యాంక్స్ ప్రభృతులు 2008లో ప్రయోగములచే చూపిరి. 1838లో వీట్‌స్టన్ ప్రకటించిన స్టీరియోస్కోపునందును ఈ లోపమే కలదు.

దీనికి మార్గములు లేకపోలేదు. 2018లో వెలువడిన మ్యాజిక్ లీప్ వన్ కళ్ళజోడు రెండు దూరములలో ప్రతిబింబములను చూపెను. ఆ ఏడే ఫేస్‌బుక్ సంస్థ, చూపును అనుసరించి తెరను జరుపు నమూనాను ప్రదర్శించెను. రెండు దూరములు చాలవు. కదలు భాగములు బరువును పెంచును. అయినను ఈ యత్నములు అసలు రోగమును గుర్తించినవి.

కావున ఇట్టి పరికరము తరగతికి వచ్చినపుడు ఎంత పలుచనిదని అడిగి ఊరకుండరాదు. ప్రతిబింబము ఎంత దూరమున నిలుచును, ఆ దూరము మారునా అని అడుగవలెను. చేతికందు దూరమున అణువు నమూనాను చూపు పాఠమైనచో, ఆ ప్రశ్న విద్యార్థి కన్నులకు సంబంధించినదే.