ఉప్పు రుచి ఎవరు చూస్తారు?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో దారి పొడవునా కోచింగ్ బోర్డులే. వాటి నీడలోనే ‘ఓపెన్ టెన్త్’ చదివేవాళ్లూ ఉంటారు. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలో పదో తరగతికి 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకి హద్దు లేదు. బడి మానేసిన కుర్రాడు, బళ్లో వంట చేసే అక్క, ఇద్దరూ ఒకే పేపర్ రాస్తారు.

తెలుగు పేపర్లో పద్యం ఇచ్చి ప్రశ్నలడగడం మామూలే. వేమన ఉప్పు కప్పురం పద్యమే తీసుకుందాం. రెండిటికీ తేడా దేనిలో? రుచిలో. మాట దొరికింది, రాశాం, మార్కు పడింది. ముందు ప్రశ్న చదువు, తర్వాత పద్యంలో మాట వెతుకు అన్నది పాత చిట్కా. 35 మార్కులొస్తే బతుకు కాస్త మారేవాళ్లకి అది తప్పని చెప్పడానికి మనమెవరం?

తప్పు ప్రశ్నది. ఒకేలా కనిపించేవన్నీ ఒకటి కావు అనే కదా ఆ పద్యం చెప్పేది! అర్థమై రాసిన జవాబూ, వెతికి ఎత్తిరాసిన జవాబూ కాగితం మీద ఒకేలా ఉంటాయి. ఆ ప్రశ్న రుచి చూడదు.

‘ఈ పోలికతో మీరు ఒప్పుకుంటారా? ఎందుకు?’ అని అడిగి చూడండి. ఏళ్ల తరబడి ‘టెన్త్ ఫెయిల్’ అనిపించుకున్న మనిషికి పైపై చూపు సంగతి మనకంటే బాగా తెలుసు. వంట చేసే అక్కయితే వేమననే నిలదీయొచ్చు: “కర్పూరం లేకపోయినా పూట గడుస్తుంది, ఉప్పు లేకపోతే?”

అదీ సాహిత్య విమర్శే. దానికో రెండు మార్కులు కేటాయిస్తే చాలు.