కావ్యాల ఇసుక, ఏటి ఇసుక

తెలుగు కావ్యభాషలో ఇసుకకు ముఖ్యంగా రెండు పనులే కనిపిస్తాయి. సైకతమై, పులినమై నాయికానాయకులకు ఆసనం కావడం ఒకటి. నిస్సారతకు ఉపమానం కావడం రెండోది. రెండింటిలోనూ ఇసుక కదలదు. మా అభ్యంతరం అక్కడే.

ఇసుకనుంచి నూనెనైనా తీయవచ్చు గాని మూర్ఖుని మనసు రంజింపజేయలేమన్న భర్తృహరి భావాన్ని ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన సంగతి పాఠకులకు తెలిసిందే. కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు దొరుకుతున్నది ఇసుకరాతి పొరలలోనే కదా అని ఎవరైనా చమత్కరించవచ్చు. అది విమర్శ కాదు. మూలంలో ఉన్నది తైలం, అంటే తిలలనుంచి వచ్చినది. పద్యానికి లోటేమీ లేదు; మన చూపే ఆ పద్యం దగ్గర ఆగిపోయింది.

సముద్రం లేని పావగడ తాలూకా వల్లూరువైపునుంచి చూస్తే విషయం తేటపడుతుంది. అక్కడి తెలుగువారికి ఇంట్లో 'ఇసుక', కన్నడ బడిలో 'మరళు'. కన్నడంలో మరళు అంటే తిరిగివచ్చు అని కూడా అర్థం. వ్యుత్పత్తిరీత్యా రెండూ వేరు. ఇసుక అనే అర్థమున్నది తమిళ 'మణల్'కు సజాతీయం. అయినా ఈ శ్లేష మన కావ్యశ్లేషలకంటె వాస్తవానికి దగ్గర. వర్షాకాలపు పెద్ద అలలు ఒడ్డు ఇసుకను లోపలికి లాక్కుపోతే, శాంతించిన నెలల్లో చిన్న అలలు దాన్ని మళ్ళీ ఒడ్డుకు చేరుస్తాయి.

ఆ ఇసుకలో కొంత పుట్టిల్లు ఈ ప్రాంతమే. ఇక్కడి గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ళనాటిది. అందులోని ఫెల్‌స్పార్ శిథిలమై బంకమన్నవుతుంది. గట్టిదైన క్వార్ట్జ్ మిగిలి ఏట్లో పడుతుంది. తాలూకాలోని నాగలమడికె మీదుగా పారే ఉత్తర పినాకిని, అంటే మన పెన్న, మొత్తం 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు జిల్లా ఊటుకూరు వద్ద సముద్రంలో కలుస్తుంది. సోమశిల వంటి జలాశయాల్లో ఆగిపోయిన ఇసుకా, దారిలో లారీలకెక్కిన ఇసుకా అంతదూరం చేరవు. తీరాన ఇసుక రాక తగ్గితే ఏమవుతుందో విశాఖ చూపింది. 1970లలో వెలిరేవు గోడలు ఉత్తరంగా సాగే ఇసుకకు అడ్డం వచ్చాయి. రామకృష్ణా బీచిలో డ్రెడ్జర్లు తోడిన ఇసుకను పోయవలసి వచ్చింది.

ఈ నడకను చెప్పడానికి మాటలు లేకపోలేదు. మేట వేయడం రైతు మాట. మొగ పూడటం జాలరి మాట. పులికాట్‌లో రాయదొరువు మొగ పూడితే వలకు చేప తగ్గుతుంది. మన పాఠ్యపుస్తకాలు మాత్రం 'నిక్షేపణ', 'క్రమక్షయం' అంటాయి. కావ్యభాష వదిలేసినదాన్ని శాస్త్రభాషా అందుకోలేదన్నమాట.

2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కిన భీమిలి ఎర్రమట్టి దిబ్బలు నిజానికి ఇసుక దిబ్బలు. ఇనుము ఆక్సైడు పూతతో ఎర్రబడ్డాయి. అలాగని ఆ పేరు దిద్దవలసిన పని లేదు. ఇసుకతో కలిసిన ఎర్రని బంకను చూసే ఊరివారు దాన్ని మట్టి అని ఉంటారని మా అభిప్రాయం.