చర్మం లేని ముఖాలు

ఓల్గా ‘విముక్త’ (2010) సంపుటిలోని ‘సమాగమం’ కథను స్త్రీవాద విమర్శ చాలా కోణాల నుంచి చదివింది. అడవిలో లవకుశులు చూసొచ్చిన అందమైన తోట, దాన్ని పెంచిన శూర్పణఖ, ఆమెను వెతుక్కుంటూ వెళ్ళిన సీత. ఒక పురుషుడి కథలో ఎదురుబొదురుగా నిలబెట్టబడిన ఇద్దరు స్త్రీలు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవడం ఆ కథలోని గొప్ప విషయం. అందమైనది ఏది కనిపించినా ద్వేషం పుట్టిన రోజుల నుంచి, తన చేతులతో తోటను పెంచి అందానికి వేరే అర్థం తెలుసుకున్న రోజుల దాకా శూర్పణఖ ఎలా నడిచిందో ఆమె నోటనే వింటాం. పరిశోధనలో భాగంగా ఈ కథను ఎన్నోసార్లు చదివాను. ప్రతిసారీ ఒక ప్రశ్న మిగిలేది. ఆ గాయం మానడానికి ఎన్నాళ్ళు పట్టింది? ఎవరు పసరు పూశారు? రాత్రిళ్ళు ఎలా నిద్రపోయింది? కథ దృష్టి అక్కడ లేదు. అది మనసు కోలుకున్న కథ, ఆ పని బాగా చేసింది. కానీ మన సాహిత్యమంతా ఇదే వరసలో ఉన్నప్పుడు మాత్రం అడగవలసి వస్తుంది. తెలుగు సాహిత్యంలో స్త్రీకి ముఖం ఉంది. ఆ ముఖానికి చర్మం ఉందా?

ఇది నాకు గ్రంథాలయంలో పుట్టిన ప్రశ్న కాదు. నాకు ముప్పై నాలుగేళ్ళు. ఇంటర్ చదివేటప్పుడు వచ్చిన మొటిమలు ఇప్పటికీ ఉన్నాయి. అప్పుడు నుదుటి మీద వచ్చేవి, ఇప్పుడు గడ్డం మీదా దవడల వెంటా వస్తాయి. నెలసరికి వారం ముందు ఎక్కువవుతాయి. లోపల గడ్డకట్టినట్టు లేచి, ఒక పక్కకి తిరిగి పడుకోనివ్వవు. పెళ్ళయితే పోతాయన్నారు, పెళ్ళయింది. పిల్లలు పుడితే పోతాయన్నారు, పాప పుట్టింది. అనకాపల్లి బెల్లం మార్కెట్‌కి పేరుపడ్డ ఊరు కాబట్టి మా ఇంట్లో మొదటి ముద్దాయి బెల్లమే. ‘‘ఏటమ్మా, మొహం ఇలాగైపోనాదేటి? బెల్లం మానీ’’ అని పక్కింటి పిన్ని ఇప్పటికీ అంటుంది. రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచే తిండికీ మొటిమలకీ కొంత సంబంధం ఉందని అధ్యయనాలు చెబుతున్న మాట నిజమే. కానీ హార్మోన్లు, వంశం, చర్మం కింది నూనె గ్రంథులు, రంధ్రాలు మూసుకుపోవడం, బాక్టీరియా, వాపు ఇవన్నీ కలిసి చేసే పనిని ఒక్క బెల్లం ముక్క మీద పెట్టలేం. కాకపోతే అందులో ఒక సౌకర్యం ఉంది. తప్పు తిన్నదానిది అయిపోతుంది.

ఈ నింద ఎక్కడినుంచి వచ్చిందో చూడాలంటే పాత భాషలోకి వెళ్ళాలి. మన ప్రబంధ కవులు స్త్రీని నఖశిఖపర్యంతం వర్ణించారు. నంది తిమ్మనకి ‘ముక్కు తిమ్మన’ అన్న పేరు ముక్కు మీద చెప్పిన పద్యం వల్లే వచ్చిందని చెప్పుకుంటారు. ముక్కుకే అంత పేరొస్తే ఇక చెక్కిళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. అవి అద్దాలు. అద్దంలో కనిపించేది చూసేవాడి ముఖమే కదా! చంద్రుడిలో మచ్చ ఉందని కవులకి తెలుసు. దాన్ని కుందేలనీ, జింకనీ ముద్దు చేశారు. స్త్రీ ముఖం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మచ్చలేని చంద్రుడు కావలసి వచ్చాడు.

వైద్యం భాష ఇంతకంటే మెరుగ్గా ఉంటుందనుకుంటాం. సుశ్రుత సంహిత మొటిమల్ని క్షుద్రరోగాల్లో, అంటే చిన్న రోగాల్లో చేర్చింది. యౌవనంలో ఉన్నవాళ్ళ ముఖాల మీద బూరుగు ముళ్ళలా లేచే పొక్కులని చెప్పి ‘ముఖదూషిక’ అని పేరు పెట్టింది. ముఖాన్ని చెడగొట్టేది అని అర్థం. ఆ పేరులో నొప్పి లేదు, మంట లేదు. చూసేవాళ్ళకి కలిగిన నష్టమే రోగానికి పేరయింది. ‘యౌవన పిడక’ అన్న ఇంకో పేరు దాన్ని వయసుకి కట్టేసింది. మనం ‘వయసు మొటిమలు’ అంటున్నదీ అదే. మరి ఆ వయసు దాటిన స్త్రీ మాటేమిటి? యౌవనం దాటాక వచ్చే మొటిమలు మగవాళ్ళలో కన్నా ఆడవాళ్ళలోనే ఎక్కువని ఇప్పటి వైద్యం చెబుతోంది. భాషలో మాత్రం ఆమెకి చోటు లేదు. ‘‘ఈ వయసులో ఏమిటివి?’’ అన్న వెక్కిరింపే ఆమెకి మిగిలింది.

దీని పక్కన మసూచి భాషను పెట్టి చూడండి. నూకాంబిక జాతర చేసుకునే మా ఊళ్ళోనూ, తెలుగునేల అంతటా కూడా ‘అమ్మవారు పోసింది’ అంటారు. మన దేశంలో మసూచి పోయిందని 1977లో ప్రకటించారు, ప్రపంచంలోనే లేదని 1980లో ప్రకటించారు. రోగం పోయినా ఆ మాట ఆటలమ్మకి మిగిలింది. అందులో భయం ఉంది, వైద్యానికి అడ్డుపడే మూఢత్వమూ ఉంది. అయినా మంచం మీద పడుకున్న మనిషిని ‘నువ్వేం తిన్నావు, ఏం ఆలోచించావు’ అని ఎవరూ నిలదీయరు. వేపాకులు పెట్టి, గొంతు తగ్గించి మాట్లాడతారు. మొటిమకి ఆపాటి మర్యాద కూడా లేదు. అది నూనె వస్తువుల ఫలితం, మొహం కడుక్కోని బద్ధకం, ఇంకా చెవిలో చెప్పే మాట ‘కోరికలు’.

స్త్రీవాద సాహిత్యం ఈ చూపు మీద మొదటిసారి గట్టిగా తిరగబడింది. జయప్రభ ‘చూపులు’ కవిత మగచూపుని మన ముందు దోషిగా నిలబెట్టింది. ‘రాజకీయ కథలు’ (1993)లో ఓల్గా జడ, కళ్ళు, ముక్కుపుడక వంటివాటిని కథావస్తువులుగా తీసుకుని, ఆడపిల్ల శరీరంలో అంగుళం కూడా రాజకీయానికి బయట లేదని చూపించారు. ఆ పునాది లేకపోతే నేనీ వ్యాసం రాయలేను. అయితే ఆ తర్వాత మనలో ఒక అలవాటు స్థిరపడింది. ముఖం గురించి ఆలోచించడమంటే చూపుకి లొంగిపోవడమే అనుకోవడం. ఒక సాహిత్య సమావేశంలో నా స్నేహితురాలు, నిజంగా ప్రేమతోనే, ‘‘స్త్రీవాదివి, నువ్వూ మొహం గురించి బాధపడతావా?’’ అంది. పన్నునొప్పి అని చెప్పి ఉంటే అలా అనేది కాదు. ‘ఇలా ఉంటే ఎవరు చేసుకుంటారు’ అనే బంధువూ, ‘ఎలా ఉంటే ఏమిటి’ అనే స్నేహితురాలూ రెండు ధ్రువాల్లా కనిపిస్తారు. కానీ ఇద్దరూ ఒక విషయంలో ఏకీభవించారు. మొటిమ అనేది చూసేవాళ్ళకి సంబంధించినదని. అది ఉన్నవాళ్ళకి నొప్పి పెడుతుందన్న సంగతి ఇద్దరి లెక్కలోనూ లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. అందం కోసం ఆరాటాన్నీ రోగానికి మందు అడగడాన్నీ మనం విడదీయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో బెంజోయిల్ పెరాక్సైడ్ ఉంది. అది మొటిమలకి వాడే పైపూత. ఆ సంస్థ దాన్ని సోకు సామానులో చేర్చలేదు. మన విమర్శ మాత్రం ఇప్పటికీ చేరుస్తోంది. మనం విడదీయని చోటనే మార్కెట్ దుకాణం పెట్టుకుంది.

ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది. నల్లగా ఉన్న అమ్మాయికి ఉద్యోగం రాదు, పెళ్ళి కాదు అని చెప్పే దాని ప్రకటనల మీద ఐద్వా పోరాడితే 2003లో ఆ ప్రకటనలు ఆగాయి. 2020లో పేరు ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. ఈ చరిత్ర మనకి తెలిసినదే. అంతగా గమనించనిది ఇంకొకటి ఉంది. మన గోధుమరంగు, నలుపు చర్మాల మీద మొటిమ తగ్గాక నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. ‘మచ్చలు పోతాయి’ అన్న మాటనీ ‘తెల్లబడతారు’ అన్న మాటనీ ప్రకటనలు ఒకే వాక్యంలో కలిపేశాయి. దాంతో రోగానికి రంగు మందయింది.

ఒకసారి మందుల షాపులో బెంజోయిల్ పెరాక్సైడ్ అడిగాను. షాపతను వేరే చిన్న ట్యూబు చేతిలో పెట్టి, ‘‘ఇది వాడండి మేడమ్, వారంలో తెల్లగా వచ్చేస్తారు’’ అన్నాడు. నేను అడిగింది రోగం గురించి, అతను జవాబు చెప్పింది రంగు గురించి. ట్యూబు వెనక్కి తిప్పి చదివి తిరిగి ఇచ్చేశాను. పాఠ్యాన్ని చదవడమే నా వృత్తి కాబట్టి ఆ ట్యూబునీ ఒక పాఠ్యంగా చదువుదాం. ముందువైపు పెద్ద అక్షరాల్లో బ్రాండు పేరు. వెనక చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో మూడు మందుల పేర్లు. అందులో ఒకటి స్టిరాయిడ్. ఎర్ర గీత పక్కన డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్న హెచ్చరిక, అదీ ఇంగ్లీషులోనే. తెల్లబడమని చెప్పే ప్రకటన టీవీలో చక్కటి తెలుగు మాట్లాడుతుంది. ప్రమాదం గురించి చెప్పవలసిన చోట ఇంగ్లీషులోకి మారిపోతుంది.

ఆ ప్రమాదం చిన్నది కాదు. స్టిరాయిడ్ క్రీము మొదటి రోజుల్లో వాపునీ ఎరుపునీ అణిచేస్తుంది, ముఖం తేటపడినట్టుంటుంది. వాడుతూ పోతే చర్మం పలచబడుతుంది, సన్నటి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, కొత్తగా మొటిమలు వస్తాయి. ఆపితే మంట, ఎరుపు తిరగబెడతాయి. దాంతో మళ్ళీ అదే ట్యూబు. మన చర్మవైద్యుల పత్రికలో 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో, దేశంలోని 12 కేంద్రాలకి ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిని చూస్తే 433 మంది ఇలాంటి క్రీములు వాడుతున్నారు. వాళ్ళలో సగం కంటే ఎక్కువమందికి వాటిని సూచించినవాళ్ళు డాక్టర్లు కారు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన దుష్ఫలితం మొటిమలే! 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడ్ పైపూతల్ని చీటీ తప్పనిసరి అయిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. కౌంటరు దగ్గర ఆ చీటీ అడుగుతున్నారా అన్నది వేరే సంగతి.

చౌకగా, భద్రంగా వైద్యం దొరకదా? దొరుకుతుంది, కానీ దారి తెలియాలి. విశాఖలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఫీజు, ఫేస్‌వాష్, సన్‌స్క్రీన్, రెండు క్రీములు కలిపి నాకు రెండువేలు దాటింది. ఆ పైన వేలల్లో ‘పీలింగ్ ప్యాకేజీ’ చెప్పారు. తర్వాత ప్రభుత్వాసుపత్రి ఓపీలో చూసిన డాక్టరమ్మ నెలసరి సక్రమంగా వస్తోందా, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్నాయా అని అడిగి (అవి పీసీఓఎస్ గుర్తులు కావచ్చు), రెండే పైపూతలు రాశారు. బ్రాండు కాకుండా మందు పేరు రాయమన్నాను, రాశారు. ఇలాంటి మందుల్లో కొన్ని 2008లో మొదలైన జన ఔషధి దుకాణాల్లో తక్కువ ధరకి దొరుకుతాయి. ఫలితం కనబడటానికి రెండు మూడు నెలలు పడుతుందని ఆవిడ ముందే చెప్పారు. ‘వారంలో’ అన్న మాటకీ ఈ మాటకీ ఉన్న తేడాయే వైద్యానికీ వ్యాపారానికీ ఉన్న తేడా.

ఆ ఓపీకి వెళ్ళడమూ తేలిక కాదు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఈ విభాగం చర్మం, సుఖవ్యాధులు, కుష్ఠు మూడింటికీ కలిపి ఉంటుంది. ఆ బోర్డు కింద వరసలో నిలబడిన పెళ్ళికాని అమ్మాయిని ఊరివాళ్ళు చూస్తే ఏమనుకుంటారో అన్న భయం ఆమెను మందుల షాపు వైపు తోస్తుంది. అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీలకి పొద్దున్నే బస్సెక్కే అమ్మాయిలకి ఓపీ వేళకి రావడమంటే ఒక రోజు కూలి పోవడం. ట్యూబు కొనడానికి మాత్రం రాత్రి బస్సు దిగాక కూడా షాపు తెరిచే ఉంటుంది.

ఇంకొక చోట మౌనం ప్రాణం మీదికి వస్తుంది. తీవ్రమైన మొటిమలకి ఇచ్చే ఐసోట్రెటినోయిన్ మాత్రలు గర్భంలోని బిడ్డకి తీవ్రమైన లోపాలు కలిగిస్తాయి. వాడేటప్పుడు, ఆపాక కనీసం ఒక నెల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. ‘పెళ్ళయిందా?’ అని అడిగి ఊరుకుంటే ఆ ప్రశ్న అడిగినట్టు కాదు. పక్కన తల్లి కూర్చుని ఉండగా ఇరవై రెండేళ్ళ అమ్మాయి నిజం చెప్పగలదా? ఒంటరిగా మాట్లాడే వీలు కల్పించడం కూడా వైద్యంలో భాగమే.

1990ల మొదట్లో స్త్రీశక్తి సంఘటన ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం తెచ్చినప్పుడు, స్త్రీలు తమ శరీరాల గురించి తమ భాషలో మాట్లాడుకోవడం ఉద్యమంలో భాగమని మనకి తెలిసింది. ఆ పని సాహిత్య విమర్శ కూడా చేయాలి. ముఖాన్ని ఎవరు చూస్తున్నారని అడగడం నేర్చుకున్నాం. ఆ ముఖం ఉన్న మనిషికి లోపల్నుంచి ఎలా ఉందని అడగడం ఇంకా మొదలుపెట్టాలి. కథల్లో, కవితల్లో చర్మానికి చోటిస్తే, మందు అడిగిన స్త్రీకి తెల్లరంగు అంటగట్టడం ఇంత సులువు కాదు. ఈ పత్రిక చదివేవాళ్ళలో నాలాంటివాళ్ళు చాలామందే ఉంటారని నా నమ్మకం. రాయండి. ఎవరేమన్నారో రాయండి, ఎక్కడ నొప్పి పెట్టిందో రాయండి, ఏ మందుకి ఎంత ఖర్చయిందో అదీ రాయండి.